ప్యాటర్‌డేల్: బొమ్మ చూసి మళ్లీ నాటిన తోట

గురువారం, అడిలైడ్

మార్చి నెలలో అడిలైడ్‌కి వస్తే ఊరంతా పండగలా ఉంటుంది. ఫ్రింజ్ ఉత్సవాలు నడుస్తుంటాయి, హోటల్ గదులు ఓ పట్టాన దొరకవు, సాయంత్రమైతే వీధుల్లో ఇసకేస్తే రాలనంత జనం. మేం మాత్రం పొద్దున్నే నార్త్ టెరస్‌లో ట్రామ్ దిగి నేరుగా ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియాకి వెళ్లిపోయాం. మా పని ఒకే ఒక్క బొమ్మతో.

నాన్నగారు రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఈసారి మెల్‌బోర్న్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు లైబ్రరీ నుంచి తెచ్చిన ఒక చిత్రకళ పుస్తకంలో ఆ బొమ్మ చూసి ఆగిపోయారు. "ఈ ఇల్లు ఇంకా ఉందా అమ్మాయ్?" అని అడిగారు. వెతికితే ఉందని తేలింది, టాస్మానియాలో, ప్యాటర్‌డేల్ అనే ఫార్మ్‌లో. ఇల్లు ఉండటమే కాదు, పాడుబడ్డ ఆ ఇంటిని బాగుచేసి, ముందున్న తోటను ఈ బొమ్మ చూసే మళ్లీ నాటారని కూడా తెలిసింది. ఇక నాన్నగారిని ఆపడం నావల్ల కాలేదు. ముందు అడిలైడ్‌లో బొమ్మ, ఆ తర్వాత టాస్మానియాలో ఇల్లు అని ప్లాన్ వేసుకున్నాం.

బొమ్మ గీసిన మనిషి జాన్ గ్లోవర్. 1767లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో పుట్టాడు. నీటిరంగుల చిత్రకారుడిగా లండన్‌లో మంచి పేరు, డబ్బు సంపాదించాడు. అప్పటివాళ్లు ఆయన్ని ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ లొరేన్‌తో పోల్చి 'ఇంగ్లిష్ క్లోడ్' అనేవారు. అరవై దాటాక ఎవరైనా కృష్ణా రామా అనుకుంటూ కూర్చుంటారు. ఈయన మాత్రం కొడుకులు ముందే వెళ్లి స్థిరపడిన వాన్ డీమెన్స్ ల్యాండ్‌కి ఓడెక్కాడు. ఇప్పటి టాస్మానియాకి అప్పట్లో అదే పేరు. 1831 ఫిబ్రవరి 18న అక్కడ దిగాడు. సరిగ్గా ఆ రోజుతో ఆయనకి 64 ఏళ్లు నిండాయి.

మేం వెతుక్కుంటూ వచ్చిన బొమ్మ 1835 నాటిది. మిల్స్ ప్లెయిన్స్‌లో తన ఇల్లు, తోట అని గ్లోవరే దానికి పేరు పెట్టాడు. ప్యాటర్‌డేల్ ఉన్న చోటు అదే. ఎత్తు 76 సెంటీమీటర్లు, వెడల్పు 114 సెంటీమీటర్లు. గోడమీద మరీ పెద్దదిగా ఏమీ కనిపించదు. ముందంతా పూలతోట. వరసలు తీర్చిన పాదులు, గులాబీలు, జెరేనియాలు, గుబురు పొదలు. వాటి వెనక ఇల్లు, పక్కనే విడిగా ఆయన బొమ్మలు వేసుకున్న కట్టడం. ఇంకా వెనక ఎండిన గడ్డి కొండ, దానిమీద అక్కడక్కడా నీలగిరి జాతికి చెందిన సన్నటి గమ్ చెట్లు. ఆపైన మబ్బు మరక లేని వెలుతురు.

నాన్నగారు ముందు దూరంగా నిలబడి చూశారు. తర్వాత దగ్గరికెళ్లి పక్కనుంచి, కాన్వాస్ మీద వెలుతురు పడే కోణంలో తల వంచి చూశారు. "నూనెరంగులు వేస్తున్నాడు గానీ చెయ్యి మాత్రం నీటిరంగులదే. చూడు, ఆకాశం దగ్గర రంగు ఎంత పల్చగా పూశాడో. కింది తెలుపు పైకి వస్తోంది. ఆ వెలుతురు పైనుంచి అద్దింది కాదు, అడుగునుంచి వస్తున్నది" అన్నారు. చెప్పాక నాకూ కనిపించింది. పువ్వుల దగ్గర మాత్రం రంగు దట్టంగా, చుక్కలు చుక్కలుగా ఉంది. ఆ చుక్కల్లో మనిషి సంబరం తెలుస్తోంది. ఈ దేశంలో తోటలు ఎంత చక్కగా పెంచవచ్చో ఈ పూలు చూస్తే తెలుస్తుందని గ్లోవర్ ఈ బొమ్మ గురించి రాశాడు. అంటే ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి చూపించి, చూశారా మా కాపురం, అని చెప్పుకోవడానికి వేసిన బొమ్మ కూడా. పరాయి దేశంలో ఇల్లు కొనుక్కుని, పెరట్లో గోంగూర మొలిచిందని ఊళ్లోవాళ్లకి వాట్సాప్‌లో ఫోటోలు పంపే మాలాంటి వాళ్లకి ఆ సంబరం కొత్తేం కాదు.

ఇదే గ్యాలరీ దగ్గర గ్లోవర్ బొమ్మ ఇంకొకటి ఉంది. 1832లో వేసినది. అందులోనూ మిల్స్ ప్లెయిన్సే. పొద్దు వాలుతున్న వేళ మెలికలు తిరిగిన పెద్ద పెద్ద చెట్లు ఆకాశాన్ని పట్టుకుని ఉంటాయి. వాటి మొదట్లో చీమలంత చిన్నగా ఆదివాసులు ఆడుతుంటారు. వాళ్ల సామూహిక నృత్యం అది. ఇల్లూ తోటా ఉన్న బొమ్మని, ఈ బొమ్మని ఒకే గ్యాలరీ 1951లో కొని దాచింది. రెండిట్లో ఉన్నదీ ఒకే నేల. మధ్యలో మూడేళ్ల తేడా. మొదటిదాంట్లో ఆడుతున్నవాళ్లు రెండోదానికి ఏమయ్యారు? ఈ ప్రశ్న నేనే నాన్నగారిని అడిగాను. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ప్రయాణమంతా మా మాటలు దాని చుట్టూనే తిరిగాయి.

శుక్రవారం, లాన్సెస్టన్

అడిలైడ్ నుంచి మెల్‌బోర్న్ మీదుగా లాన్సెస్టన్. మెల్‌బోర్న్ నుంచి విమానం గాల్లో ఉండేది గంటే. టాస్మానియాలో దిగేవాళ్లు పళ్లు, కూరగాయలు, మొక్కలు తీసుకురాకూడదు. వాసన పట్టే కుక్కలు సామాన్ల దగ్గర తిరుగుతుంటాయి. మా సంచిలో ఉన్న అరటిపళ్లు అక్కడ పెట్టిన డబ్బాలో పడేశాం. ఆవకాయ సీసా మాత్రం చూపించి తెచ్చుకున్నాం. ఈ కట్టుదిట్టం ఎందుకో ఊరు దాటగానే అర్థమవుతుంది. వలసవచ్చిన రైతులు కంచె కోసమని తెచ్చిన గోర్స్ అనే ముళ్లపొద బీళ్లన్నిట్లో అల్లుకుపోయింది. మన దగ్గర సర్కారు తుమ్మ చెరువుగట్లనీ పొలాలనీ ఎలా ఆక్రమించిందో ఇక్కడ అదీ అంతే. ఒకరి ఊరి జ్ఞాపకం ఇంకొకరి నేలకి బెడద అవుతుంది.

రాత్రి మోటెల్ గదిలో నాన్నగారు తన కుంచెల సంచి విప్పారు. గ్లోవర్ చెట్ల ఆకులు ఎలా వేసేవాడో చూపిస్తానన్నారు. పొడవాటి వెంట్రుకల కుంచె ఒకటి తీసి, నీళ్లలో ముంచి, వేళ్లతో గట్టిగా పిండారు. కొన వెంట్రుకలను బొటనవేలితో నొక్కి పక్కకి మెలితిప్పితే అవి నాలుగైదు పాయలుగా విడిపోయాయి. దాంతో ఆకుపచ్చ, గోధుమ కలిపిన రంగుని తేలిగ్గా తాకించి, కాగితం మీద అలా పైకి ఎగరేసినట్టు వేశారు. ఒక్క తాకుడికి నాలుగైదు ఆకులు పడ్డాయి. మళ్లీ తిప్పి వేస్తే ఇంకొన్ని. మధ్యలో కాగితం తెల్లగా మిగిలిపోతోంది. ఆ ఖాళీల్లోంచే వెనక కొండ కనిపించాలి. "ఇంగ్లండ్ ఓక్ చెట్టయితే దిట్టంగా ముద్దలా వెయ్యాలి. ఈ గమ్ చెట్టు అట్లా కాదు. ఆకులు తక్కువ, గాలి ఎక్కువ" అన్నారు.

గ్లోవర్ గమనించింది కూడా సరిగ్గా ఇదే. ఈ దేశపు చెట్లు ఎన్ని ఉన్నా వాటి మధ్యనుంచి దూరంలోని ప్రాంతమంతా కంటికి ఆనుతూనే ఉంటుందని ఆయన రాసుకున్నాడు. ఆయన కంటే ముందు వచ్చిన ఇంగ్లిష్ చిత్రకారులు చాలామంది ఇక్కడి చెట్లని కూడా ఇంగ్లండ్ చెట్లలాగే వేసేశారు. అరవై దాటిన మనిషి, జీవితమంతా ఒక రకం చెట్లు వేసి పేరు తెచ్చుకున్న మనిషి, కొత్త చెట్టుని చూసి చేతివాటం మార్చుకోవడం చిన్న విషయం కాదు. నాన్నగారికి గ్లోవర్ మీద అభిమానం కలిగింది అక్కడే. గమ్ చెట్లు మనకీ పరిచయమే కదా. నీలగిరి తైలం తీసే చెట్టు ఈ టాస్మానియా నుంచి వచ్చిన బ్లూ గమ్మే. ఇక్కడ అది రాష్ట్ర పుష్పం.

శనివారం, ఎవండేల్

లాన్సెస్టన్ ఎయిర్‌పోర్టుకి కూతవేటు దూరంలో ఎవండేల్ ఉంది. ఒక పెద్దవీధి, దానికిరువైపులా పంతొమ్మిదో శతాబ్దపు ఇటుక ఇళ్లు, చర్చిలు, బేకరీ. అరగంటలో ఊరంతా తిరిగెయ్యవచ్చు. కానీ ఏటా మార్చిలో దేశం నలుమూలల నుంచీ బొమ్మలు ఇష్టపడేవాళ్లు ఇక్కడికి వస్తారు. 2004 నుంచి జాన్ గ్లోవర్ పేరుతో ఇస్తున్న గ్లోవర్ ప్రైజ్ ఎగ్జిబిషన్ ఇక్కడి ఫాల్స్ పార్క్‌లో జరుగుతుంది. బహుమతికి ముఖ్యమైన షరతు, బొమ్మలో టాస్మానియా ప్రకృతి ఉండాలి. ఎక్కడివాళ్లయినా పంపవచ్చు.

పార్కులోనే గ్లోవర్ నిలువెత్తు కంచు విగ్రహం ఉంది. పీటర్ కార్లెట్ చేశాడు. గ్లోవర్‌కి పుట్టుకతోనే రెండు పాదాలూ వంకరగా ఉండేవి. పైగా బరువు దాదాపు 114 కిలోలు. శిల్పి అదేదీ దాచలేదు. భారీ శరీరం, కింద ఆ పాదాలు. ఆ కాళ్లతో ఈయన ఇంగ్లండ్ కొండలన్నీ తిరిగాడు. ఇక్కడికొచ్చాక 65 ఏళ్ల వయసులో, 1833 జనవరిలో, బెన్ లోమండ్ కొండ ఎక్కాడు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. విగ్రహం పాదాలవైపే చాలాసేపు చూశారు.

ఎగ్జిబిషన్‌లో నలభై దాకా బొమ్మలున్నాయి. అడవులు, తగలబడ్డ అడవులు, సముద్రపు ఒడ్డు, గనుల తవ్వకాలు, చలికాలపు పొగమంచు. కొన్ని నాకు నచ్చలేదు. మరీ తెలివిగా వేసినవి, పక్కన పెట్టిన రాత చదివితే గానీ అర్థం కానివి. కానీ ప్రకృతి బొమ్మ అంటే అందమైన కాలెండర్ బొమ్మ కాదని ఈ పోటీ పదేపదే గుర్తుచేస్తుంది. 2012లో ఇక్కడ బహుమతి వచ్చిన బొమ్మ మీద పెద్ద గొడవే జరిగింది. రోడ్నీ పోపుల్ అనే చిత్రకారుడు టాస్మానియాలోని పాత ఖైదీల స్థావరం పోర్ట్ ఆర్థర్ దృశ్యం వేస్తూ, 1996లో అక్కడ 35 మందిని కాల్చి చంపిన హంతకుణ్ణి అందులో పెట్టాడు. బాధితుల గాయం రేపాడని కొందరు, ఆ నేలమీద జరిగినదాన్ని వదిలేసి నేలనొక్కదాన్నే వెయ్యడమే అబద్ధమని కొందరు. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. ఆ కుటుంబాల వాళ్లు గ్యాలరీలోకి వస్తే ఎలా ఉంటుందో తలుచుకుంటే ఒక మాట, అడిలైడ్‌లో చూసిన తోట బొమ్మ తలుచుకుంటే ఇంకో మాట.

సాయంత్రం బెంచీ మీద టీ తాగుతూ నాన్నగారు దామెర్ల రామారావు గురించి చెప్పారు. 1925లో మశూచి సోకి 27 ఏళ్లకే పోయిన దామెర్ల బొమ్మలు రాజమండ్రిలోని గ్యాలరీలో ఉన్నాయి. నాన్నగారు ఏటా తన బడి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేవారు. దామెర్లని చిన్నప్పుడే గుర్తించి ప్రోత్సహించింది అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిష్ ఆయనే. "ఊరి చిత్రకారుణ్ణి ఊరు పట్టించుకోవాలి తల్లీ. ఇంత చిన్న ఊరు చూడు, ఎంత శ్రద్ధగా చేస్తోందో" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం నొప్పి ఉంది. రాజమండ్రిలో ఆ గ్యాలరీ ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమంది లోపలికి అడుగుపెట్టారో ఆయనకి తెలుసు.

ఆదివారం, డెడింగ్టన్

ఆదివారాలు ఎవండేల్‌లో సంత జరుగుతుంది. పాత సామాన్లు, ఇంట్లో కాచిన జామ్‌లు, కూరగాయలు. అక్కడ యాపిల్స్ కొనుక్కుని బయల్దేరాం. నైల్ అనే చిన్న ఊరు దాటాక మనుషులు పల్చబడతారు. అటూ ఇటూ ఎండిపోయి లేత పసుపు రంగుకి తిరిగిన బీళ్లు, గొర్రెలు, ఎదురుగా గోడ కట్టినట్టు బెన్ లోమండ్. ఈ కొండమీది లెగ్గెస్ టోర్ శిఖరం 1,572 మీటర్లు. టాస్మానియాలో రెండో ఎత్తయిన చోటు.

దారిలో నాన్నగారికి బ్యాట్‌మన్ సంగతి చెప్పాను. గ్లోవర్‌తో కలిసి బెన్ లోమండ్ ఎక్కినవాడు, పొరుగు కమతం కింగ్‌స్టన్ యజమాని, జాన్ బ్యాట్‌మన్. మెల్‌బోర్న్‌లో ఉండేవాళ్లందరికీ ఆ పేరు తెలుసు, ఆ నగరం పుట్టుకలో 1835 నాటి అతని కథ చెబుతారు కాబట్టి. మేం కారులో వెళ్లే రోడ్లకి, పార్కులకి అతని పేరు. నాకు తెలియనిది ఏమిటంటే, 1829 సెప్టెంబరులో ఇదే బెన్ లోమండ్ వాలులో బ్యాట్‌మన్ తన మనుషులతో కలిసి రాత్రిపూట ఆదివాసుల విడిది మీద పడి కాల్పులు జరిపాడు. గాయపడి నడవలేకపోయిన ఇద్దర్ని తానే కాల్చి చంపానని అధికారులకి పంపిన లేఖలో రాసుకున్నాడు. అతని పేరుతో ఉన్న పార్లమెంటు నియోజకవర్గానికి 2019 ఎన్నికలకల్లా కూపర్ అని పేరు మార్చారు. హక్కుల కోసం పోరాడిన యోర్టా యోర్టా ఆదివాసుల నాయకుడు విలియం కూపర్ పేరది. పేరు ఎందుకు మార్చారో అప్పట్లో వార్త చదివి వదిలేశాను. ఈ కొండ ఎదురుగా ఉండగా ఆ విషయం చదవడం వేరు.

ప్యాటర్‌డేల్ ఇప్పటికీ సొంతదారులు నడుపుకునే గొర్రెల ఫార్మ్. దారిన పోతూ లోపలికి వెళ్లిపోవడానికి కుదరదు. ముందే రాసి అనుమతి తీసుకున్నాం. ప్యాటర్‌డేల్ అన్నది ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరి పేరు. గ్లోవర్‌కి అక్కడ కూడా ఒకప్పుడు పొలం ఉండేది. 1832లో ఇక్కడ ప్రభుత్వం మంజూరు చేసిన భూమికి ఆ పేరే పెట్టుకున్నాడు.

నాన్నగారు సంచిలోంచి బొమ్మ ప్రింటు తీసి రెండు చేతులా పట్టుకున్నారు. తోట ఇవతల అంచుకి వెళ్లి నిలబడ్డారు. రెండడుగులు ఎడమకి, మళ్లీ వెనక్కి. ఇంటి కప్పు అంచు, వెనక కొండ గీత రెండూ ప్రింటులో ఎక్కడ కలుస్తున్నాయో చూసుకుంటూ జరిగారు. "ఇక్కడ. ఇక్కడినుంచే" అన్నారు. నేను వెళ్లి భుజం మీదుగా చూశాను. కొండ గీత ప్రింటులోలాగే దిగుతోంది. జార్జియన్ అనే పాత ఇంగ్లిష్ పద్ధతిలో కట్టిన సాదాసీదా ఇల్లు, లెక్కగా తీర్చిన కిటికీలు. ముందు వరసలు వరసలుగా పాదులు. మార్చి అయినా గులాబీలు ఇంకా పూస్తున్నాయి. దాదాపు రెండు శతాబ్దాల కిందటి పూలమొక్క ఒక్కటీ మిగలకపోయినా, ఏ వరస ఎటు పోవాలో కాన్వాస్ మీద ఉంది. మామూలుగా ఇంటిని చూసి బొమ్మ వేస్తారు. ఇక్కడ బొమ్మని చూసి తోట వేశారు. ఒక చిత్రకారుడి నిజాయితీకి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది? కొండ వంపు ఒక్కటి తప్పు వేసి ఉంటే, పాదుల వరస అందం కోసం వంచి ఉంటే, ఈ రోజు ఈ పని జరిగేది కాదు.

నాన్నగారు అరగంట పాటు నేలమీద కూర్చుని స్కెచ్ వేసుకున్నారు. నేను పాదుల మధ్య తిరిగాను. మా పెరట్లో మల్లె మొక్క గుర్తొచ్చింది. మెల్‌బోర్న్ చలికి రెండుసార్లు పోయాక మూడోది నిలదొక్కుకుంది. అది పూసినప్పుడు నేను ఏడ్చాను. గ్లోవర్ పూలచుక్కల్లో ఉన్నది అదే ఏడుపు, అదే సంతోషం అని నాకు అనిపించింది. అందులో నాకు ఏ సందేహమూ లేదు. అంతమాత్రాన అడిలైడ్‌లో అడిగిన ప్రశ్న పోలేదు.

జవాబు ఇది. ఈ కొండ చుట్టూ ఉన్న నేల బెన్ లోమండ్ ఆదివాసులది, అందులో ప్లాంగెర్‌మైరీనర్ అనే తెగది. 1820ల్లో గొర్రెల ఫార్మ్‌లు పెరిగేకొద్దీ వాళ్లకి వేట నేల పోయింది, తిండి పోయింది, పోరాటం మొదలైంది. 1830 చివర్లో గవర్నర్ ఆర్థర్ రెండువేల మందికి పైగా సైనికులనీ, ఖైదీలనీ, మామూలు జనాన్నీ వరసగా నిలబెట్టి, దీవికి అడ్డంగా నడిపించి ఆదివాసుల్ని ఒక మూలకి తోలాలని చూశాడు. ఆ తర్వాత మిగిలినవాళ్లని, ప్రభుత్వం పంపిన జార్జ్ అగస్టస్ రాబిన్సన్ మాటలతో ఒప్పించి, టాస్మానియాకి ఈశాన్యంగా సముద్రంలో ఉన్న ఫ్లిండర్స్ దీవికి చేర్చాడు. గ్లోవర్ ఆదివాసుల్ని దగ్గరగా చూసి స్కెచ్‌లు వేసుకుంది 1832 జనవరిలో, వాళ్లని ఆ దీవికి పంపేముందు హోబార్ట్‌లో. చూసింది అక్కడ, ఆడుతున్నట్టు వేసింది ఇక్కడ, తన కమతంలో. ఆయన వచ్చేసరికే ఈ నేల ఖాళీ చేయించేశారు.

మరి ఎందుకు వేశాడు? నాకు ఒకటే తోస్తుంది. ఎవరి ఇంట్లో ఉంటున్నాడో ఆయనకి తెలుసు. ఇల్లు, తోట వేసినప్పుడు సంబరం వేశాడు. ఆదివాసుల బొమ్మలు వేసినప్పుడు వాళ్లని వాళ్ల చోటులోనే తిరిగి నిలబెట్టాడు, కనీసం కాన్వాస్ మీదయినా. నాన్నగారు దీనికి ఒప్పుకోలేదు. "వేశాడు సరే, భూమి వెనక్కి ఇచ్చాడా? బొమ్మలో చోటివ్వడం తేలిక" అన్నారు. తనకి అంత నచ్చిన చిత్రకారుడి గురించి ఆయన ఆ మాట అనడం నాకు గౌరవంగా అనిపించింది. మేం ఇద్దరం ఇంకా ఈ విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు డెడింగ్టన్ చాపెల్ దగ్గర ఆగాం. చిన్న గుడి, చుట్టూ బీళ్లు. గ్లోవర్ 1849 డిసెంబరు 9న ప్యాటర్‌డేల్‌లోనే చనిపోయాడు. సమాధి ఇక్కడే.

సోమవారం, దారిలో

దక్షిణంగా ఉన్న హోబార్ట్‌కి రెండున్నర గంటల ప్రయాణం. క్యాంప్‌బెల్ టౌన్‌లో కాఫీకి దిగితే ఫుట్‌పాత్ మీద ఎర్ర ఇటుకల వరస కనిపించింది. ఒక్కో ఇటుక మీద ఒక్కో ఖైదీ పేరు, వయసు, ఎక్కించిన ఓడ, చేసిన నేరం, పడ్డ శిక్ష చెక్కి ఉన్నాయి. ఒక చోట బట్టలు దొంగిలించినందుకు ఏడేళ్లు, ఇంకోచోట గొర్రెని దొంగిలించినందుకు జీవితాంతం. ఇటుక దాటడానికి కాలు రాక వంగి చదువుతూ నడిచాం. 1853లో ఆపేసేవరకూ ఈ దీవికి 70 వేలమందికి పైగా ఖైదీల్ని తెచ్చారు. భూమి మంజూరైన వాళ్లకి పనిచెయ్యడానికి ప్రభుత్వం వాళ్లనే కేటాయించేది. ప్యాటర్‌డేల్ లాంటి కమతాలు నిలబడింది వాళ్ల రెక్కల మీదే.

రాస్‌లో 1836లో కట్టిన రాతి వంతెన ఉంది. డేనియల్ హెర్బర్ట్ అనే ఖైదీ దాని కమానులనిండా మొహాలు, జంతువులు, ఆకులు చెక్కాడు. మొత్తం 186 చెక్కడాలు. ఆ పనికి అతనికి క్షమాభిక్ష దొరికింది. నాన్నగారు నది ఒడ్డుకి దిగి చాలా ఫోటోలు తీశారు. గ్లోవర్ తన ఇల్లు వేసుకున్న మరుసటి ఏడే సంకెళ్ల మనిషి ఒకడు రాయిమీద ఇంత స్వేచ్ఛగా చెక్కాడన్నమాట.

మంగళవారం, హోబార్ట్

టాస్మానియన్ మ్యూజియంలో గ్లోవర్ వేసిన కోతల బొమ్మ ఉంది. దాని పేరుకి అర్థం మన మాటల్లో చెప్పాలంటే, పంట ఇంటికి రావడం. పంట మొత్తం కోసి చేర్చిన రోజునే, 1835 మార్చి 19న, ఈ బొమ్మ మొదలుపెట్టానని గ్లోవర్ రాసిపెట్టాడు. బంగారు రంగు పొద్దు, నిండుగా ఎత్తిన బండి, ఎడ్లు, పనివాళ్లు. మేం కోనసీమ మూలాలున్న వాళ్లం. కుప్పలు వేసిన రోజు సాయంత్రం ఎలా ఉంటుందో నాన్నగారికి ఒంటికి తెలుసు. "బండి ఎత్తడం బాగా చూశాడు. బరువు వెనక్కి పోకుండా కట్టారు చూడు" అన్నారు. నేను బండి దగ్గరున్న మనుషుల్ని చూశాను. వాళ్లలో ఎవరెవరి పేర్లు నిన్నటి ఇటుకల మీద ఉన్నాయో చెప్పేవాళ్లు లేరు. కానీ కనీసం వాళ్లు బొమ్మలో ఉన్నారు, వీపు వంచి పనిచేస్తూ ఉన్నారు.

మ్యూజియంలోనే ఫ్లిండర్స్ దీవి చరిత్ర చదివాం. వైబలెన్నా అనే చోట సుమారు 200 మందిని ఉంచారు. జబ్బులు, చలి, ఇంటిబెంగ. 1847లో అక్కడినుంచి తిరిగి తెచ్చేసరికి మిగిలింది 47 మంది. ట్రుగనిని అనే ఆదివాసి మహిళ 1876లో చనిపోయినప్పుడు టాస్మానియా ఆదివాసులు అంతరించిపోయారని ప్రపంచమంతా రాసేసింది. అది అబద్ధం. బాస్ జలసంధి దీవుల్లోనూ ఇక్కడా వాళ్ల సంతతి బతికే ఉంది. తమని పలావా అని చెప్పుకుంటారు. సముద్రపు గవ్వలతో సన్నటి హారాలు గుచ్చే విద్య తల్లుల నుంచి కూతుళ్లకి తెగకుండా వస్తోంది. ఆ గవ్వల మెరుపు ఈ మ్యూజియంలో చూశాను. ముత్యాల్లా ఉన్నాయి.

మెల్‌బోర్న్‌లో మన తెలుగు సంఘాల ఉగాది సభలు కూడా ఈ నేల అసలు వారసులకి వందనం చెబుతూ మొదలవుతాయి. మైకు ముందు ఎవరో ఒకరు గబగబా చదివేస్తారు, అప్పటికి సగంమంది కుర్చీలు వెతుక్కుంటుంటారు. ఈసారి ఆ నాలుగు వాక్యాలు నేను చదువుతానని అడిగి తీసుకున్నాను. నెమ్మదిగా చదువుతాను.

నాన్నగారు ప్యాటర్‌డేల్ స్కెచ్‌ని పెద్దది చేస్తున్నారు. తోటా ఇల్లూ అచ్చం ఉన్నట్టే వేసి, వెనక కొండ మీద అడిలైడ్ బొమ్మలోని చెట్లు పెడతానంటున్నారు. మనుషుల్ని పెట్టాలా వద్దా అన్నది ఆయనకి ఇంకా తేలలేదు. వైబలెన్నా చూడకుండా తేల్చనంటున్నారు. లాన్సెస్టన్ నుంచి ఫ్లిండర్స్ దీవికి చిన్న విమానాలు వెళ్తాయి. అక్కడ 1838 నాటి చాపెల్ ఇంకా నిలబడి ఉంది. ఆ నేలని 1999లో ఆదివాసులకే తిరిగి ఇచ్చారు. ఆయన వీసా అయిపోయేలోగా టికెట్లు దొరుకుతాయేమో చూస్తున్నాం.